ముందు వాళ్ళే వాడాలి!

డబ్బున్న దేశాలు, డబ్బులేని దేశాలు అనే తేడా పోవాలని టీవీలో పెద్దపెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నా గుండె దడదడలాడుతుంది. తేడా పోతే ఎలాగండీ? కొత్త వస్తువులన్నీ తిన్నగా మన ఇళ్ళకే వచ్చేస్తాయి కదా! అవి పేలుతాయో, కాలుతాయో, కరుస్తాయో ముందు ఎవరు చూసి చెబుతారు?

నేను పెద్దగా చదువుకోలేదు. ఎనిమిదో తరగతిలోనే మానేశాను. కానీ భయపడటంలో మాత్రం నాకు పెద్ద డిగ్రీయే ఇవ్వచ్చు. కొత్త కుక్కర్ కొన్నరోజు మొదటి విజిల్ వచ్చేదాకా ఇంటిల్లిపాదినీ వీధిలో నిలబెట్టాను. మా ఆయన నన్ను ‘చెకింగ్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. అననివ్వండి! బిడ్డకు పాలు పట్టేముందు ఏ తల్లయినా మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసుకోదూ? కాలితే తన చెయ్యి కాలాలి గానీ బిడ్డ నోరు కాలకూడదు.

డబ్బున్న దేశాలు మనకు చేస్తున్నది సరిగ్గా ఇదే. అన్నీ ముందు తామే వాడి, ఏ ప్రమాదమూ లేదని తేలాకే మనకు పంపిస్తున్నాయి. కన్నతల్లులండీ!

మా ఆయన నడిపే బస్సే చూడండి. ఎక్కడో చలిదేశంలో ఏళ్ళతరబడి తిరిగి, అలిసిపోయి, ఓడెక్కి వచ్చింది. అక్కడ బళ్ళు మనకు ఎదురువైపు నడుస్తాయట. అందుకని దాని తలుపు నడిరోడ్డు వైపు తెరుచుకుంటుంది. అందులో హీటరు కూడా ఉంది. దాన్ని ఆపే మీట ఏదో ఇంతవరకూ ఎవరికీ తెలియదు, మీటల మీది రాత చదవగలిగినవాడు మా ఊళ్ళో పుట్టలేదు. మండుటెండలో లోపల వేడిగాలి, బయట లారీలు.

“డ్రైవరన్నా, దిగమంటావా, దూకమంటావా?” అని అడుగుతారు జనం.

“ముందు దణ్ణం పెట్టుకో, తరవాత నీ ఇష్టం!” అంటారు మా ఆయన.

అయినా ఆ బస్సంటే నాకు ధైర్యం. అంతమంది దొరలు ఎక్కి దిగినా ఏమీ కాలేదంటే, మనకు మాత్రం ఏమవుతుంది?

బట్టలూ అంతే. మూటల్లో వచ్చే పాతబట్టల్లో మా ఆడపడుచుకు బొచ్చుకోటు దొరికింది. మాకు చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించే కాలం. అందుకని దాన్ని పరుపుగా వేసుకుంది. కోటు జేబులో కుక్కలకు పెట్టే బిస్కట్ల పొట్లం కనిపించింది. మా అమ్మాయి దాని మీదున్నది చదివి, “అమ్మా, ఇందులో ఉన్నన్ని విటమిన్లు మన ఇంట్లో నెలకు కూడా ఉండవే!” అంది. చూశారా, ఎంత మంచి ఇంటి కోటో!

ఇక మా వీధి ఆసుపత్రికి ఓ పెద్ద మిషన్ దానంగా వచ్చింది. దాని ప్లగ్గు ఇక్కడి గోడల్లో పట్టదు. నర్సమ్మ దానికి దుప్పటి కప్పి, పైన అన్నం క్యారియర్ పెట్టుకుంటోంది. మిషన్ నడవకపోతే షాకు కొట్టదు. ఇంతకంటే క్షేమం ఏముంది?

ఇలా నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లోనే మా అమ్మాయి కొంప ముంచింది.

అది పాత సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. ఓ సాయంత్రం చెయ్యి వెనక్కి దాచుకుని ఇంటికొచ్చింది. లాగి చూస్తే, మోచేతి కింద గళ్ళుగళ్ళుగా గీతలు గీసి, గడికో రకం క్రీము రాసి ఉంది.

“ఏమిటే ఇది?”

“ఎండకు ఒళ్ళు కమలకుండా రాసుకునే క్రీమమ్మా. ఆ క్రీము కంపెనీవాళ్ళు మా చేతుల మీద టెస్ట్ చేస్తున్నారు. వాళ్ళ దేశంలో కూడా ఇంకా రాలేదు తెలుసా? మనకే ఫస్ట్!”

“ఎండలో వాళ్ళకేం పనే?”

“పనేం లేదు. సముద్రం ఒడ్డున పడుకుంటారట.”

“ఎండలోనా? వడదెబ్బ తగిలి పడిపోయినవాడు తప్ప ఎండలో ఎవడు పడుకుంటాడే!”

“సెలవుపెట్టి మరీ పడుకుంటారమ్మా. సరదా!”

మూడో గడి ఎర్రగా పొంగి ఉంది. దురదగా ఉందా అంటే, “కొంచెం. వాళ్ళ పుస్తకంలో కూడా ‘కొంచెం’ అనే రాశారు” అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మనకే ఫస్టా? మరి ముందు వాడి చూసిందెవరు?

మర్నాడే ఆ కంపెనీ ఆఫీసుకు పరుగెత్తాను. ఏసీ గది, తెల్లకోటు మేడమ్. నా చెయ్యి చాచాను.

“ఆ మిగతా గళ్ళేవో దీని మీద గీసుకో తల్లీ. మా పిల్లని వదిలెయ్.”

మేడమ్ నా చెయ్యి తిప్పి చూసి, చాలా మర్యాదగా అంది: “సారీ అమ్మా, మీది పాత చర్మం. మాకు కొత్తది కావాలి.”

తిరిగివస్తూ మా ఆయన బస్సులోనే కూర్చున్నాను. ఆ హీటరు వేడికి నా బుర్ర మొదటిసారి పనిచేసింది. బస్సు పాతది, కోటు పాతది, మిషన్ పాతది. మన దగ్గర వాళ్ళకు కావలసింది మాత్రం కొత్తది! ఇన్నాళ్ళూ వాళ్ళు మనకు తల్లులనుకున్నాను. చుక్క వేసి చూసే మణికట్టు నా పిల్లదట. పాలు ఇంకెవరి పిల్లకో.

“అమ్మాయి వాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టిందిగా, ఇప్పుడు వద్దంటే ఊరుకుంటారా?” అని మా ఆయన గొణిగారు.

“నేను పెట్టలేదుగా!” అన్నాను.

రేపు పొద్దున్నే అమ్మాయిని మిగతా టెస్టులకు తీసుకెళ్ళడానికి కంపెనీ వ్యాను వస్తుంది. తళతళలాడే సరికొత్త బండి, తలుపు కూడా సరైన వైపే ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడబోతున్నాను. నిశ్చయించేసుకున్నాను.

ఒక్కటే భయం. కొత్త బండి కదా, బ్రేకులు ముందు ఎవరైనా వాడి చూశారో లేదో!