ఒక తొట్టి, నలుగురు బిడ్డలు

క్రిస్మస్ ముందురోజు ఉదయం మాస్టారు చేయవలసిన పనులు ఒక కాగితం మీద వరసగా రాసుకున్నారు. బొమ్మల పెట్టె చర్చిలో ఇచ్చి రావాలి. తలుపు వేసుకోవాలి. పరీక్ష పేపర్లు దిద్దాలి. సాయంత్రం ఆరాధన సంగతి ఆ కాగితంలో లేదు. ఆయన భార్య పోయి ఐదు వారాలైంది. ఆమె గదికి బయట గడియ పెట్టి కూడా ఐదు వారాలే.

పెట్టెలో ఉన్నవి క్రీస్తు పుట్టుక బొమ్మలు. ఏటా చర్చిలో వాటిని అమర్చేది ఆమే. మాస్టారు పెట్టె అప్పగించి, ఎవరితోనూ మాట కలపకుండా ఇంటికి వచ్చేశారు. ఎర్ర పెన్ను మూత తీశారో లేదో ఫోన్ మోగింది.

"మాస్టారూ, మరియమ్మ ఉంది, యోసేపు ఉన్నాడు, గొర్రెలు ఏడూ ఉన్నాయి. బిడ్డేడండీ?" అంది పాస్టరమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి. బిడ్డ బొమ్మను భార్య మిగతావాటితో కలిపి ఉంచేది కాదు. "పుట్టకముందే తొట్టిలో ఎలా ఉంటాడండీ?" అంటూ ఏటా ఒక కొత్త చోట దాచి, పండుగ ముందు సాయంత్రం తెచ్చి పడుకోబెట్టేది. ఈసారి ఎక్కడ దాచిందో అడగడానికి ఆమె లేదు.

"నా దగ్గర లేదమ్మా," అని ఫోన్ పెట్టేశారు. అనవసరమైన మాట ఆడని మనిషి ఆయన. ఆ రోజు అవసరమైనవి కూడా ఆడలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

భార్య జ్ఞాపకం కదా, ఇవ్వడానికి మనసు రాలేదు కాబోలు అనుకుంది పాస్టరమ్మ. "పాపం, ఆయన్నేమీ అడక్కండి," అని దర్జీతో చెప్పింది. బొమ్మ పగిలిపోయిందని, మాస్టారు బెంగ పెట్టుకున్నారని దర్జీకి అర్థమైంది. అతను వడ్రంగికి చెప్పేసరికి మాస్టారు పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టడం లేదు. నిజానికి ఆ సమయంలో మాస్టారు రెండో కప్పు టీ తాగుతున్నారు.

పదకొండింటికి దర్జీ ఒక గుడ్డ బొమ్మ పట్టుకొచ్చాడు. కోటు కుట్టగా మిగిలిన ముక్కతో చేశాడు. చేతికి అలవాటు కాబట్టి బిడ్డకు కాలరు కూడా వచ్చింది. పన్నెండింటికి పాస్టరమ్మ తన మనవరాలి ప్లాస్టిక్ బొమ్మ తెచ్చింది. అది పడుకోబెడితే కళ్లు మూస్తుంది, ఎత్తుకుంటే కేరుమంటుంది. మూడింటికి వడ్రంగి వచ్చాడు. అతను ఈ ఇంటికి చేసిన బీరువా గుమ్మంలో పట్టక ఇప్పటికీ వరండాలోనే ఉంది. అందుకే అతని భుజం మీద దుప్పట్లో చుట్టి ఉన్నదాన్ని చూడగానే, ఈ ఐదు వారాలుగా ఇంట్లో తోడుగా ఉంటున్న మాస్టారి అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటయ్యా, ఇంతున్నాడు! గొర్రెలు జడుసుకుంటాయి."

"బిడ్డ పుష్టిగా ఉండాలని కర్ర కాస్త ఎక్కువ వాడానక్కా."

ఓదార్చడానికి వచ్చినవాళ్లు కదలలేదు. బాగానే ఉన్నానని మాస్టారు అంటే "పైకి అలాగే అంటారు" అనుకున్నారు. ఊరుకుంటే నిట్టూర్చారు. ముగ్గురు బిడ్డలూ సోఫాలో, ముగ్గురు పెద్దలూ కుర్చీల్లో, దిద్దని పేపర్లు నేలమీద.

"ఒరేయ్, అసలు బొమ్మ ఎక్కడుందో నీకు తెలీదా?" అంది అక్క.

"తెలీదు."

"ఆ గదిలో చూశావా?"

మాస్టారు పెన్ను మూత పెట్టారు.

"నోరు విప్పవేంరా? గడియ నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

"నేనే తీస్తానక్కా."

ఆయన వెనక ఎవరూ వెళ్లలేదు. కుట్టుపని డబ్బాలో లేదు. దిండు గలీబుల్లో లేదు. చీరల మడతల్లో వెతకడానికి కొంచెం సమయం పట్టింది. అక్కడా లేదు. తలుపు వెనక ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచి, తెచ్చినట్టే ఉంది. తువ్వాలు, దువ్వెన, కళ్లజోడు, సగం వాడిన మాత్రల అట్ట. అడుగున, ఆమె చేతిరుమాలులో చుట్టి, బెత్తెడు మట్టి బిడ్డ.

ఆసుపత్రికి వెంట తీసుకెళ్లిందన్నమాట. ఎందుకో చెప్పలేదు. పండుగకు ఇంటికి రానని ఆమెకు ముందే తెలుసేమో.

పదకొండు రోజులు మాస్టారు ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ప్రార్థించారు. పన్నెండో రోజు నుంచి మానేశారు. ఆ వార్డుకు దేవుడు రాలేదని ఆయన తేల్చుకున్నారు. ఎవరితోనూ అనలేదు. ఆ పదకొండు రోజులూ ఈ బిడ్డ మంచం కింద సంచిలో, ఆయన కాళ్ల దగ్గరే ఉన్నాడు. ఆమెను బతికించలేదు. వదిలి వెళ్లనూ లేదు. దేవుడు మనకు తోడు అని ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పినప్పుడల్లా పశువుల పాక, నక్షత్రం, గొర్రెల కాపరులు గుర్తొచ్చేవారు. మందుల వాసన కొట్టే సంచి ఎన్నడూ గుర్తురాలేదు.

"దొరికాడా?" అక్క బయటినుంచే అడిగింది.

"దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు." గది బయటికి వచ్చి, "నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉందా?" అన్నారు.

"నిన్ననే చేసి పెట్టాను," అంది అక్క.

సాయంత్రం మాస్టారే బిడ్డను తొట్టిలో పడుకోబెట్టారు. మిగతా ముగ్గురూ ప్రేమతో వచ్చినవాళ్లే కాబట్టి పాస్టరమ్మ వాళ్లనూ పంపెయ్యలేదు. కాలరు బిడ్డ కాపరుల మధ్య నిలబడ్డాడు. ప్లాస్టిక్ బిడ్డను ఎవరూ ఎత్తుకోకుండా బల్ల మీద పడుకోబెట్టారు. వడ్రంగి బిడ్డ మాత్రం ఎక్కడా పట్టకపోవడంతో, ఆరాధన అయ్యేవరకు వెనక వరసలో మాస్టారే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

కర్ర నిజంగానే కాస్త ఎక్కువైంది.