డ్రిల్లుమాస్టారి నడుముకొలత సంగ్రామము

సూర్యభగవానుడు నడిమింటికి ఇంకను రెండు బారల దూరమున నుండగా, కుట్టుమిషన్ల ఘోరఘోషకు దిక్కులు మారుమ్రోగుచుండగా, సుద్దపొడి రణధూళివలె లేచి బల్లలపై వాలుచుండగా, ఆ ఇరుకుసందు దర్జీదుకాణపు ముందుగది సింహాసనమున, అనగా ఒక కాలు పొట్టిదై అట్టముక్కపై నిలిచిన కుర్చీయందు, మెడలోని టేపే కంఠహారముగా వదినగారు కొలువైయుండెను. వెనుకగదిలో కత్తెరధారి, ఆమె మరిది.

ఇరువురి కంప్యూటర్లలోనిది ఒకే కొలతల పట్టిక; అందు మనిషికొక కార్డు. కడపట సేవ్ నొక్కినవారి కార్డే నిలుచును; ముందరివారి మార్పు గాలిలో కలియును. అట్లే కిందటి నెల ఒక నిండుచేతుల చొక్కా మోచేతికడనే వీరమరణము నొందెను. నాటినుండి ప్రతి కార్డు మూలను ఒక సంఖ్య. ఎవరు మార్చినను ఒకటి పెరుగును. సేవ్ నొక్కుటకు ముందు తాజా సంఖ్య తాము తెరచినప్పటిదేనా యని చూడవలెనని దుకాణధర్మము.

ఆనాడు డ్రిల్లుమాస్టారు మరునాటి కవాతుకై ప్యాంటుగుడ్డతో వేంచేసిరి. ఉన్నది ఒక్కటే ముక్క. కత్తెర తప్పినచో మరల దొరకదు. వదినగారు నడుము ముప్పదియారని కొలిచి, వ్రాసి, ఆయనను వెనుకగదికి పంపెను.

"పొడుగు అరంగుళం తగ్గించమ్మా" అని లోపలినుండి మాస్టారి కేక.

ఆమె కార్డు తెరచెను. సంఖ్య ఏడు. పొడుగు దిద్దెను. అంతలో గుండీలకై ఒకావిడ వచ్చి, రెండు గుండీలు కొని, తోడికోడలి సంగతులు ఇరువది చెప్పి వెళ్ళెను. అప్పుడు సేవ్‌పైకి గదాదండమువలె లేచిన చూపుడువ్రేలు, ధర్మము గుర్తువచ్చి, నడుమ నిలిచెను. తాజా సంఖ్య ఎనిమిది.

"ఏం మరిదీ, మాస్టారి కార్డు ముట్టుకున్నావా?"

"నడుము మార్చాను వదినా. ముప్పై తొమ్మిది."

"నా టేపు సాగిందంటావా, నా కళ్ళు పోయాయంటావా?"

"రెండూ బానే ఉన్నాయి. మీ ముందు ఆయన ఊపిరి బిగబట్టారు. ఇక్కడ స్టూలు మీద కూర్చున్నాక వదిలేశారు."

వదినగారు వెనుకగది ప్రవేశించెను. ఆమెను చూచినంతనే మాస్టారి మహోదరము, శత్రుదర్శనమున కోటలోనికి మరలిన సేనవలె, ప్రక్కటెముకల చాటునకు మరలెను. టేపు చుట్టగా ముప్పదియారే.

ఆమె టేపు వదలలేదు. ముట్టడి ఆరంభమాయెను.

"మీ పెద్దాడు ఎన్నో తరగతి మాస్టారూ?"

మాస్టారు ఎనిమిది వ్రేళ్ళు చూపిరి. మోము జేవురించుచుండెను.

"రేపు కవాతంతా ఇలాగే నడిపిస్తారా?"

"ఎందుకు నడిపించనమ్మా" అనిరి పౌరుషముతో. ఆ పలుకుతోనే దుర్గద్వారములు తెరచుకొనెను. ముప్పది తొమ్మిది.

వదినగారు ముందుగదికి మరలి, ఎనిమిది సంఖ్యగల తాజా కార్డు తెరచి, మరిది వ్రాసిన నడుమును అట్లే యుంచి, తన పొడుగును మాత్రము చేర్చి, సంఖ్య ఇంకను ఎనిమిదియే యని చూచి, నొక్కెను. తొమ్మిది.

"ఇక కత్తిరించు."

వినుడు సకలజనులారా. ఇట్లు రెండు మార్పులును ఒకదానినొకటి మ్రింగక ఒకే కార్డున నిలిచెను. మూడంగుళముల సామ్రాజ్యము జయింపబడెను. మరునాటి కవాతున, ఆ మైదానము ఈ కొసనుండి ఆ కొసవరకు, ఒక పురుషపుంగవుడు హాయిగా ఊపిరి పీల్చుకొనెను.