గోడకు పెళ్లికళ

షహజాదీ తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. ఇంటి ముందు గోడకు తొడిగిన తెల్ల రేకు పలకలు మొత్తం నలభై రెండు. కొండ మీంచి దిగిన దుమ్ము పొద్దునకల్లా వాటి మీద పిండి చల్లినట్టు పరుచుకుంటుంది. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు ఒక్కొక్కదాన్నే తుడుచుకుంటూ వచ్చే ఆమె చెయ్యి, గుమ్మానికి ఎడమపక్కనున్న మూడు పలకల దగ్గర మాత్రం ఆగిపోతుంది. పోయినేడు ఓ కొండకోతి దూకి వాటికి సొట్టలు పెట్టింది. ఆ సందుల్లోంచి వాననీళ్లు దిగి అవి పూరీల్లా ఉబ్బాయి.

సౌదీలో, తాయిఫ్‌లోని ఆ ఇల్లు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ సాలెహ్‌ది. ఆయన కుటుంబం జిద్దాలో ఉంటుంది, ఎండాకాలానికి మాత్రం కొండ మీదికి వస్తుంది. ఏడాది పొడుగునా ఇల్లు కనిపెట్టుకుని ఉండేది డ్రైవరు మస్తాన్ వలీ, ఇంటిపని చేసే అతని భార్య షహజాదీ. రాయచోటి దగ్గర వాళ్ల ఊరు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది ఈ రెండేళ్లే.

ఇప్పుడు ఆ కప్పుకే ఎసరొచ్చింది. "శుక్రవారం వస్తున్నాను. ఆ గోడ ఎవరికైనా చూపించు. బాగుచేస్తే సరిపోయేలా ఉంటే సరే. మొత్తం మార్చాలంటే మాత్రం ఇంటి సంగతే ఆలోచించాలి" అని అబూ సాలెహ్ ఫోన్ చేశాడు. ఆలోచించడమంటే అమ్మేయడమని ఇద్దరికీ తెలుసు. ఇల్లు అమ్మితే మస్తాన్ వలీకి జిద్దాలో ఒంటరి గది, షహజాదీకి ఎగ్జిట్, అంటే తిరిగి ఊరికి.

అందుకే గురువారం పొద్దున్నే అంజన్నను పిలిపించారు. జగిత్యాల వైపు మనిషి, తాయిఫ్‌లో మెయింటెనెన్స్ పనులు చేస్తాడు. అతను వేలితో పలకల మీద కొట్టుకుంటూ, చెవి ఆనించి, నాడి చూసే హకీములా గోడ వెంట నడిచాడు.

"మూడే ఖరాబైనయి చెల్లె. మిగిలినయి మంచిగున్నయ్. నాలుగు స్క్రూలు బిగిస్తె పది గొట్టేసరికి అయిపోతది. పరేషాన్ గాకు."

"చూడప్పా అంజన్నా, మెల్లగా విప్పు. పాతవి" అంది షహజాదీ.

"నా చేతుల పడ్డంక గోడకు నొప్పి గూడ తెల్వది."

మొదటి స్క్రూ తుప్పుపట్టి రాలేదు. అంజన్న ఇంకొంచెం బలం పెట్టాడు. స్క్రూ అక్కడే ఉండి, పలక అంచు చేతికొచ్చింది. ఆ పలకలన్నీ ఒకదాని గాడిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. మొదటిది ఊడేసరికి రెండోది జారింది, రెండోది లాగితే మూడోది వంగి విరిగింది. పది గంటలకల్లా గుమ్మం పక్కన ఎనుము దూరేంత బొక్క తయారైంది. లోపల కుళ్లిన చెక్క, తడిసిన పరుపులాంటి పొర.

"ఏందప్పా ఇది! బిగిస్తానని మూడూ ఇరగ్గొట్టినావే!" మస్తాన్ వలీ తల పట్టుకున్నాడు.

"గీ రకం రేకు ఈడ దొరకది. జిద్దా నుంచి రావాలె. శనారం దాక ఆగాలె వలీ భాయ్."

"రేపు కఫీల్ వస్తాండాడు! ఈ బొక్క చూస్తే గోడంతా పోయిందనుకుంటాడు. ఇంగ బాగుచేయమంటాడా, అమ్మేయమంటాడా?"

షహజాదీ బొక్క వంక చూసింది, అంజన్న పికప్ వంక చూసింది. పోయిన వారం అతను ఒక ఫంక్షన్ హాలు పైకప్పు బాగుచేశాడు. వాళ్లు పారేయమని ఇచ్చిన జరీ అంచు తెల్లబట్ట, దీపాల తోరణాలు బండిలోనే ఉన్నాయి.

"ఆ బట్ట కడితే?" అంది.

కట్టారు. మస్తాన్ వలీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసి పెదవి విరిచాడు. "ఒట్టి బట్ట కడితే ఏందో దాచిపెట్టినట్టుండాది. పైన్నుంచి కిందికి లైట్లు గూడా ఇడిస్తే, కఫీల్ వస్తాడని సింగారించినాం అనుకుంటారు. మన ఊర్లో బోరులో నీళ్లు పడినా సీరియల్ లైట్లేస్తారు గదా!"

రాయచోటిలో అది నిజమే. కానీ తాయిఫ్‌లోని ఆ వీధిలో ఇంటి కప్పు నుంచి నేల దాకా దీపాలు వేలాడాయంటే ఒక్కటే అర్థం. ఆ ఇంట్లో పెళ్లి.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు దీపాలు వెలిగాయి. ఐదు నిమిషాల్లో ఎదురింటి పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. వంటింట్లో నేర్చుకున్న అరబీతో షహజాదీ ఎదురెళ్లింది.

"రేపు అబూ సాలెహ్ వస్తున్నాడా?"

"వస్తున్నారు పెద్దమ్మా."

"భార్య?"

"ఆమె రావడం లేదు."

పెద్దావిడ దీపాలను కింది నుంచి పైదాకా చూసింది. "ఇవి ఎవరు పెట్టమన్నారు?"

గోడ విరిగిందని చెప్పలేక షహజాదీ, "ఆయనే" అంది.

"జనం ఎంతమంది?"

"ఎవరూ రారు. మీరు కూడా దయచేసి ఎవరికీ చెప్పకండి."

పెద్దావిడ చెయ్యి నోటిమీదికి వెళ్లింది. జిద్దాలో భార్య ఉండగా, అరవై ఏళ్లవాడు, ఎవరికీ తెలియకుండా! ఎవరికీ చెప్పొద్దన్న మాటకు నాలుగు కాళ్లు ఎక్కువ. రాత్రి ఇషా నమాజులోపే ఖర్జూరాల పళ్లెం వచ్చింది, సాంబ్రాణి పెట్టె వచ్చింది. శుక్రవారం తెల్లారేసరికి గేటుకు కట్టేసిన పొట్టేలు ఒకటి మస్తాన్ వలీని చూసి అరిచింది.

"ఇదేందయ్యా?" షహజాదీ గేటు దాకా వచ్చింది.

"పక్కింటాయన కట్టిపోయినాడు. భుజం తట్టి మరీ మబ్రూక్, శుభం అన్నాడు. గోడకు బట్ట కడితే పొట్టేలిస్తారని తెలిసుంటే ఎప్పుడో కట్టేవాణ్ణి."

ఆ మాట అంటుండగానే తెల్ల కారొకటి వచ్చి ఆగింది. అబూ సాలెహ్ భార్య ఉమ్ సాలెహ్, వీధిలోంచి ఎవరో ఫోన్ చేస్తే జిద్దా నుంచి కొండదారంతా తనే నడుపుకుంటూ వచ్చేసింది. పట్టపగలు కూడా వెలుగుతున్న దీపాలను చూసింది. పొట్టేలును చూసింది. ఇంట్లోకి వెళ్లి కూర్చుని కాఫీ అడిగింది. కప్పు అందిస్తున్న షహజాదీతో చాలా మెల్లగా అంది.

"పెళ్లికూతురు ఎక్కడ?"

అప్పుడు అర్థమైంది షహజాదీకి. ఖర్జూరాలు, సాంబ్రాణి, పొట్టేలు అన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. "అయ్యో మేడం, అది కాదు..." అని మొదలుపెట్టేలోగా బయట హారన్ మోగింది.

అబూ సాలెహ్ ఇస్త్రీ నలగని తెల్లటి పొడుగు తోబ్‌లో, అత్తరు వాసనతో దిగాడు. వెంట ఫైలు పట్టుకున్న ఇంకో మనిషి. పెట్రోలు బంకు దగ్గర ఒకరు, మసీదు మలుపులో ఇద్దరు మబ్రూక్ చెప్పి చేయి కలిపేసరికి ఆయన ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. లోపల భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీకెవరు చెప్పారు?"

"వీధంతా చెప్పింది."

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు. కాగితం రాసుకున్నాక నీకు చెబుదామనే..."

"కాగితం రాసుకున్నాకా!" కప్పు టక్కున పళ్లెంలో పడింది.

"ధర తేలితే గదా! చూసి చెప్తాడని ఇతన్ని తీసుకొచ్చాను."

"ధర ఏమిటి? దేనికి?"

"ఈ ఇంటికి. అమ్మకానికి..."

ఉమ్ సాలెహ్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆమె ముఖంలో కొండంత బరువు దిగిపోవడం షహజాదీ కళ్లారా చూసింది. పెద్ద దొంగను పట్టుకుందామని వస్తే చిన్న దొంగ దొరికాడు. అయితే పెద్ద దొంగ కోసం దారిపొడుగునా కూడబెట్టుకున్న కోపం చిన్న దొంగకు సరిపోగా ఇంకా మిగిలింది. "మా నాన్న ఇచ్చిన స్థలం! నాకు తెలియకుండా!" అన్న కేక దగ్గర మొదలై పావుగంట సాగింది. ఫైలు మనిషి మధ్యలో ఎప్పుడు కారెక్కి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

"మరి ఆ దీపాలేమిటి?" చివరికి ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

మస్తాన్ వలీ పొట్టేలు వెనక నిలబడ్డాడు. షహజాదీ బయటికి నడిచి, రెండు చేతులతో బట్ట లాగేసింది. బొక్క బయటపడింది.

"పాడైనవి మూడే మేడం. విప్పుతుంటే విరిగాయి. మొత్తం మార్చాలంటారేమో, మమ్మల్ని చెరోచోటికి పంపిస్తారేమో అని భయపడి దాచాం. పెళ్లీ లేదు, ఏమీ లేదు."

అబూ సాలెహ్‌కు కొంత ఆలస్యంగా అర్థమైంది. "ఎవరి పెళ్లి?" అన్నాడు.

పొట్టేలు సంగతి చెవినపడి, సెలవురోజు కదా అని అంజన్న కూడా అప్పుడే వచ్చాడు. పరిస్థితి చూసి వెనక్కి తిరగబోతే ఉమ్ సాలెహ్ పిలిచింది. మిగతా పలకల సంగతేమిటని ఆమె అడిగితే, ఆ మాట షహజాదీ అతనికి తెలుగులో చెప్పింది. అతను చివరిదాకా వేలితో కొట్టుకుంటూ వెళ్లి వచ్చాడు.

"ఇంకో ఇరవై ఏండ్లకు ఢోకా లేదని చెప్పు చెల్లె. విప్పుకుంట పోతెనే ఖరాబైతది."

షహజాదీ చెప్పింది, రెండో వాక్యంతో సహా. ఉమ్ సాలెహ్ తన అరచేత్తో ఒక పలకను తట్టి చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ముప్పై ఒక్క ఏళ్లు ఎండకూ వానకూ నిలబడింది. మూడుచోట్ల ఉబ్బిందని మొత్తం వదిలించుకుంటారా ఎవరైనా?"

అబూ సాలెహ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఈ ఎండాకాలమంతా నేను ఇక్కడే ఉంటాను. వీళ్లిద్దరూ ఉంటారు. గోడా ఉంటుంది" అంది ఆమె. "షహజాదీ, ఆ దీపాలు అలాగే ఉండనీ. పొట్టేలును వెనక్కి పంపితే బాగుండదు. వీధి వాళ్లందరినీ భోజనానికి పిలువు."

"ఏమని పిలవాలి మేడం?"

"గోడ బాగుపడిందని."

"అది ఇంకా బాగుపడలేదే!" అన్నాడు మస్తాన్ వలీ, పొట్టేలు వెనకనుంచి, తెలుగులో. షహజాదీ కళ్లతోనే అతని నోరు మూయించింది.

అబూ సాలెహ్ వంగి, విరిగిన పలక ముక్కను ఏరుకున్నాడు. తోబ్‌కు అంటిన దుమ్మును కూడా దులుపుకోకుండా దాన్ని చంకలో పెట్టుకుని, గేటు దాటి, కారెక్కి వెళ్లిపోయాడు.

శనివారం గానీ దొరకదన్న రేకు, శుక్రవారం చీకటి పడకముందే కఫీల్ కారులో వచ్చి దిగింది.