లోపలి గడియ

ఎవరయ్యా ఆ ఇంటి తలుపుకి లోపలివైపు గడియ బిగించింది? బుద్ధుందా అసలు? బయట తాళం ఉంది. దానికి తాళంచెవి ఉంది. తాళంచెవి ఇవ్వడానికి సాక్షాత్తూ మంత్రిగారున్నారు, పుచ్చుకుని కళ్లు తుడుచుకోవడానికి ఒక పేదరాలుంది, ఫొటో తీయడానికి మనుషులున్నారు. ఇన్ని హంగులుండగా లోపల గడియెందుకు? దేశమంతటి పేదల ఇళ్ల పథకాన్ని నట్టేట ముంచింది మీరు కాదా?

ఈ ప్రశ్నలు ప్రభుత్వం వారివి. జవాబు రాబట్టడానికి వేసిన విచారణ సంఘం ఇంకా కూర్చునే ఉంది. అది లేచేలోగా జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఎవరి సొమ్మూ పోదు.

గృహనిర్మాణ మంత్రిగారిని జనం కత్తెర బాబాయి అంటారు. వార్డు మెంబరుగా ఉన్న రోజుల నుంచీ జేబులో సొంత కత్తెర పెట్టుకు తిరిగే మనిషి. మురికికాలువకు మూత వేసినప్పుడు రిబ్బను కత్తిరించాడు. ఆ మూతను ఎవరో ఎత్తుకుపోతే, కాలువకు గాలీ వెలుతురూ కల్పించామని మళ్లీ కత్తిరించాడు. వంతెనను ఈ గట్టున ఒకసారి, ఆ గట్టున ఒకసారి ప్రారంభించి, నడిమి భాగం ఉభయ గట్ల ప్రజల సహకారంతో పూర్తవుతుందని సెలవిచ్చాడు. వీధిదీపం స్తంభానికి ఒక సభ, దీపానికి ఒక సభ జరిపాడు. వెలిగినప్పుడు మూడో సభ పెడదామన్నాడు కానీ, పాపం, దీపమే సహకరించలేదు. ఇంతటి కార్యశూరుణ్ణి ఒక్క ఊరికే అట్టిపెట్టుకోవడం దేశద్రోహమని పైవాళ్లకు తోచింది. రాజధానికి పిలిపించి దేశంలోని ఇళ్లు లేనివాళ్లందరినీ ఆయన చేతిలో పెట్టారు.

ఆయనకు దుబారా గిట్టదు. సభ అయ్యాక తెగిన రిబ్బనును పారేయనివ్వడు. మడతపెట్టించి తన పాత వార్డుకు పంపిస్తాడు. అక్కడి టైలరమ్మ దాన్ని అతికి కుట్టి ఇస్తే మర్నాడు మళ్లీ కత్తిరిస్తాడు. కుట్టగా కుట్టగా అందులో రిబ్బను తక్కువై దారం ఎక్కువైంది.

టైలరమ్మది సందు మొదట్లో ఒంటిగది. వీధి గుమ్మంలో కుట్టుమిషను, దాని వెనక పొయ్యి, పొయ్యి వెనక అత్తగారు. మొగుడు లారీ డ్రైవరు. అతను ఇంటికొచ్చిన రోజున మిషను వీధిలోకి వెళ్లాలి, లేకపోతే కాళ్లు చాపుకోవడానికి చోటుండదు. వానొస్తే పైకప్పు కారే చోటు సరిగ్గా అత్తగారి దిండు మీద. "ఈ దేశంలో ఇంట్లో పడుకుని తలస్నానం చేసేది నేనొక్కదాన్నేనే అమ్మాయ్" అంటుండేదా ముసలావిడ. దీనికి తోడు గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీత పడింది. సందు వెడల్పు చేస్తారట. ఎప్పుడన్నది ఎవరూ చెప్పరు. టైలరమ్మ ప్రతి ఉదయం తలుపు తీయగానే ముందు ఆ గీత వంక చూసేది, రాత్రికి రాత్రి అరిగిపోయిందేమోనని. ఇంటి కోసం అర్జీ పెట్టి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు. "వస్తుంది, వస్తుంది" అన్నారు. అబద్ధం కాదు. నిజంగానే వచ్చింది. వచ్చిందే చిక్కు.

దేశమంతా ఇళ్లు కట్టాలంటే ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక, ఎంత ఆలస్యం! ఆ ఆలస్యం భరించలేక ఒక ఇంజనీరుగారు మహత్తరమైన ఆలోచన చేశాడు. ఊరూరా ఇళ్లు కట్టే బదులు ఒకే ఇల్లు శుభ్రంగా కట్టి ఊరూరా తిప్పితే పోలా? బాబాయి ఆయన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. పొడవాటి లారీ మీద రెండు గదుల ఇల్లు లేచింది. సున్నం వేసిన గోడలు, కిటికీకి ఊచలు, వంటగట్టు, తిప్పితే నీళ్లొచ్చే కొళాయి. నీళ్లు గోడ వెనక దాచిన డ్రమ్ములోంచి వచ్చేవి. ఊళ్లోకి రాగానే చక్రాలు కనపడకుండా పూలకుండీలు అడ్డం పెట్టేవారు. రిబ్బను తెగేది. తాళంచెవి చేతులు మారేది. చప్పట్లు అయ్యాక కుండీలు లోపల పడేసుకుని ఇల్లు పక్క ఊరికి బయల్దేరేది. అలా ఆ ఒక్క ఇల్లు దేశంలో ప్రతి జిల్లాలోనూ పూర్తయింది.

మొదట్లో ఏ ఊరి లబ్ధిదారును ఆ ఊళ్లోనే వెతికేవారు. కానీ పేదవాళ్లకు మర్యాద తెలియదు. ఒకడు తాళంచెవి పుచ్చుకున్న మరుక్షణమే మంచం మోసుకొచ్చాడు. ఇంకొకామె పిల్లల్ని లోపల పడుకోబెట్టింది. వాళ్లను దింపేసరికి బాబాయికి తల ప్రాణం తోకకొచ్చింది. అందుకని శాశ్వత లబ్ధిదారు కావాలన్నారు. రిబ్బను కుట్టే మనిషి ఎలాగూ ఉంది కదా అని టైలరమ్మను ఎంపిక చేశారు. లారీ నడపడానికి ఆమె మొగుణ్ణి పెట్టారు. కుటుంబాన్ని విడదీయకూడదన్నది ప్రభుత్వ విధానం.

మొదటిసారి తాళంచెవి అందుకున్నప్పుడు టైలరమ్మ నిజంగానే ఏడ్చింది. రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ఆ ఫొటో దేశమంతా గోడలకెక్కింది. సభ అయ్యాక ఇంజనీరుగారొచ్చి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇచ్చెయ్యమ్మా. రేపటి సభకు కావాలి."

"మరి నాకిచ్చారు కదండీ?"

"ఇచ్చాం. ఇవ్వలేదని ఎవరన్నారు? రేపు మళ్లీ ఇస్తాం."

తర్వాత తర్వాత ఆమెకు ఏడుపు అలవాటుగా వచ్చేది. లోపలికి వెళ్లి కిటికీలోంచి చెయ్యి ఊపడం, కొళాయి తిప్పడం, దిగిపోవడం. దిగే ముందు మాత్రం ఎవరూ చూడకుండా వంటగట్టును అరచేత్తో ఒకసారి తుడిచేది. తనది కాని గట్టు మీద దుమ్ము ఉంటే ఆమెకెందుకో తెలియదు. తుడిచేది, అంతే.

ఇంతలో ప్రతిపక్షం వాళ్లు పుల్ల పెట్టారు. ఆ తలుపు ఉత్త బొమ్మ తలుపనీ, లోపల గడియ కూడా లేదనీ పత్రికలకెక్కారు. బాబాయికి ఒళ్లు మండిపోయింది. వేదిక మీదే గర్జించాడు. "లోపల గడియ లేని ఇల్లు ఇల్లెలా అవుతుంది? మా పేదవాడు లోపల గడియ వేసుకుని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవాలి! ఎవరొచ్చి కొట్టినా తియ్యకూడదు! నేనొచ్చి కొట్టినా తియ్యకూడదు!" చప్పట్లు ఆగలేదు. మర్నాటికి ఇనప గడియ వచ్చింది, చేతివేలంత లావున. విచారణ సంఘం వెతుకుతున్నది ఈ గడియను బిగించమన్నవాడి కోసమే. సంఘానికి అధ్యక్షుడు బాబాయే కాబట్టి దోషి తప్పించుకునే ప్రశ్నే లేదు.

చివరకు ఇల్లు టైలరమ్మ ఊరికే వచ్చే రోజు ఖాయమైంది. సొంత వార్డు గనక బాబాయి సందులోనే సభ పెట్టాలన్నాడు. కొలిచి చూస్తే లారీ పట్టదు. ఇంజనీరుగారు ఎర్ర గీత పక్కన నిలబడి, తల గోక్కుని, టైలరమ్మతో మెత్తగా చెప్పాడు.

"చూడమ్మా, నీ ఇల్లు నీ దగ్గరకు రాకుండా నీ ఇల్లే అడ్డంగా ఉంది."

"అదొచ్చాక ఉంటుందాండీ?"

"ఎందుకుండదు? సాయంత్రం దాకా ఉంటుంది."

ఉదయాన్నే యంత్రం వచ్చి గదిని ఒక్క తోపు తోసింది. గదికి అంతకంటే అక్కర్లేకపోయింది. అత్తగారు తన దిండు చంకన పెట్టుకుని వీధిలో నిలబడి, "పోనీలే, ఇక కారదు" అంది. టైలరమ్మ రోడ్డు మీద పెట్టిన మిషను మీద పడ్డ సున్నపు పెళ్లలు ఏరి పారేసింది, రాత్రి తెచ్చిన రిబ్బను అప్పటికే కుట్టి ఉంది గనక బుట్టలో పెట్టింది. తన గది నిన్నటి దాకా ఉన్న చోటు మీదుగానే మొగుడు లారీని వెనక్కి వెనక్కి నడిపి, దాని పక్కనే ఆపాడు. దిగి చుట్టూ చూశాడు. అమ్మ వంక చూడలేకపోయాడు.

"తాగడానికి నీళ్లున్నాయిరా నీ ఇంట్లో?" అనడిగిందా తల్లి.

"డ్రమ్ములో ఉన్నాయమ్మా."

"అయితే ఇదే నయం."

సభ మొదలైంది. బాబాయి దుమ్ము దులుపుకుని అందుకున్నాడు. "నిన్నటి దాకా ఇక్కడేముంది? ఒక పూరి కొంప! ఇవాళ ఏముంది? భవనం! ఒక్క పూటలో ఇంత మార్పు ప్రపంచంలో ఎక్కడైనా చూశారా?" నిజమే, ఎవరూ చూసి ఉండరు. సందులోని వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎర్ర గీతలు తమ గోడల మీద కూడా ఉన్నాయి గనక గట్టిగానే కొట్టారు.

రిబ్బను తెగింది. టైలరమ్మ తాళంచెవి పుచ్చుకుంది. ఈసారి ఏడవలేదు. "అత్తయ్యా, రండి" అంది. అత్తగారు దిండుతో సహా ఎక్కింది. ఇద్దరు ముగ్గురు సాయం పట్టి మిషనును కూడా ఎక్కించారు. ఇంజనీరుగారు మురిసిపోయాడు, ఇల్లు మరీ సహజంగా ఉందని. తలుపు మూసుకుంది. లోపల ఖంగుమని చప్పుడైంది.

కిటికీలో చెయ్యి ఊపుతుందని ఫొటోలవాళ్లు ఎదురుచూశారు. చెయ్యి రాలేదు. కాసేపటికి కుట్టుమిషను శబ్దం వచ్చింది.

బాబాయి తలుపు దగ్గరకొచ్చి వేలి కణుపుతో కొట్టాడు. "అమ్మా, తలుపు తియ్యి. ఇల్లు బయల్దేరాలి. రేపు రాజధానిలో పెద్దాయన చేతుల మీదుగా సభ ఉంది."

"ఎవరొచ్చి కొట్టినా తియ్యొద్దని మా బాబాయి చెప్పారండీ" అంది టైలరమ్మ లోపల్నుంచి.

"ఆ బాబాయిని నేనేనమ్మా!"

"మీరొచ్చి కొట్టినా తియ్యొద్దన్నారు కదా బాబాయిగారూ. మీ మాట మీరే కాదంటే ఎలా?"

"అది మీటింగులో మాటమ్మా!"

"తెలుసండీ. గడియ మాత్రం నిజంది పెట్టారు."

అత్తగారు కిటికీ దగ్గరకొచ్చింది. "నాయనా, కాస్త పక్కకు నిలబడు, గాలి రావట్లేదు. ఇంతకాలానికి పొడి దిండు మీద తల పెడుతున్నాను."

తలుపు బద్దలు కొట్టొచ్చు. కానీ పేదరాలికి ఇచ్చిన ఇంటిని మంత్రిగారు పగలగొడుతున్న ఫొటో ఎలా ఉంటుంది? పైగా దేశం మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క ఇల్లే. దాన్ని పగలగొడితే పథకం మొత్తం కూలినట్టు. ఇంజనీరుగారి బుర్ర పాదరసం. మనుషులతో సహా బండిని లాగించేద్దాం, దారిలో ఆకలేసి వాళ్లే దిగుతారన్నాడు. డ్రైవరును పిలిచాడు.

"బండి తియ్యవయ్యా."

"లోపల మా అమ్మ ఉంది సార్."

"మరీ మంచిది. జాగ్రత్తగా నడుపుతావు."

డ్రైవరు క్యాబిన్‌లోకి ఎక్కాడు. లారీ తాళంచెవి ఊడబెరికాడు. దిగొచ్చి కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. "ఇదిగో, ఇది కూడా పుచ్చుకో. ఎవరడిగినా తిరిగివ్వకు" అన్నాడు పెళ్లాంతో. ఫొటోలవాళ్లలో ఒక్కడికీ అది తీయాలని తోచలేదు. ఆ ఇల్లు పుట్టాక సభ కోసం కాకుండా పేదరాలి చేతికిచ్చిన తాళంచెవి అదొక్కటే. అప్పుడు ఏడ్చింది టైలరమ్మ. చూసింది అత్తగారొక్కతే.

రాజధానిలో సభ ఆగలేదు. ఇంటి బొమ్మ గీసిన తెర ఒకటి కట్టి, పెద్దాయన దాని ముందు ఏదో ఒక తాళంచెవిని గాలిలోకి ఎత్తి చూపించాడు. ఇల్లు లేకపోయినా సభ ఇంత బాగా జరుగుతుందని తెలిసి పైవాళ్లు ఆనందించారు. ఇకపై పథకాన్ని తెరల మీదే విస్తరించాలని నిర్ణయించారు. తెరకు గడియ బిగించడం ఎవడి వల్లా కాదు.

సందులో మాత్రం ఇల్లు కదల్లేదు. మొదటిరోజు జనం గుంపులుగా వచ్చి చూశారు. ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో నిజంగానే మనుషులున్నారట అని ఒకరికొకరు చూపించుకున్నారు, పిల్లల్ని ఎత్తుకుని మరీ. రెండో రోజుకు ముచ్చట తీరింది. వెడల్పయిన రోడ్డు మీద బళ్లు పెరిగాయి. లారీ అడ్డమైంది. హారన్లు మొదలయ్యాయి. దేశంలో ఇళ్లు లేవని ఇన్నేళ్లలో నోరెత్తనివాళ్లు ఈ ఒక్క ఇల్లు ఎందుకుందని గొంతు చించుకున్నారు. ఆ పొద్దునే రంగు డబ్బాతో పురపాలకం మనిషొచ్చాడు. రోడ్డుకు అడ్డంగా ఉన్న కట్టడాలన్నిటికీ రూలు ఒకటే కాబట్టి, సున్నం వేసిన ఆ తెల్లటి గోడ మీద ఎర్రగా ఒక అడ్డగీత గీసి వెళ్లాడు. రంగు ఇంకా ఆరలేదు.

మిషను ఆగింది. టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆమె చూసింది బాబాయి వంక కాదు. బాబాయి ఎప్పుడో వెళ్లిపోయాడు. వరసగా ఆగిన బళ్ల వంక, వాటిలో కూర్చుని హారన్ మీద చెయ్యి తీయని పెద్దమనుషుల వంక, నిన్న చప్పట్లు కొట్టిన చేతుల వంక చూసింది.

"ఆ మోత ఆపండి ముందు. దారి కావాలా? నాకు నేల కావాలి. నిన్న నా గది ఉన్న చోటు అదిగో, పక్కనే ఖాళీగా ఉంది. దిగండి బళ్లు. తలా ఒక ఇటుక పట్రండి. ఈ చక్రాలు ఊడదీయండి. నా ఇంటిని కిందికి దింపండి. ఇవాళే. ఇప్పుడే!"