కాఫీకి పదకొండు నెలల అగ్రిమెంటు

తొమ్మిదిలోపు యాప్‌ను ఒకసారి సరిచూసుకుని, పదకొండింటికి జైరాం గారికి చూపించి, మధ్యాహ్నానికల్లా పని ఖాయం చేసుకోవాలని మహిమ అనుకుంది. జైరాం గారికి సత్తుపల్లి నుంచి భద్రాచలం వెళ్ళే రెండు మినీ బస్సులున్నాయి. దారిలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో ప్రయాణికులకు ఫోన్లోనే తెలియాలని ఆయన కోరిక. ఖమ్మంలో ఉద్యోగం పోయి, నాలుగు నెలలుగా ములకలపల్లిలో అమ్మ దగ్గరే ఉంటున్న మహిమకు ఈ పని దొరకడం చాలా అవసరం.

యాప్‌లో కొట్టు పేజీ ఎలా కనబడుతుందో చూడటానికి ఒక ఉత్తుత్తి కొట్టు కావలసి వచ్చింది. చేతిలో అమ్మ ఇచ్చిన కాఫీ ఉంది. అమ్మ పేరుతోనే ‘ఇన్నమ్మ కాఫీ’ అని టైపు చేసి, మ్యాపులో తమ ఇంటి గుర్తే పెట్టి, అయిదు నక్షత్రాలూ తనే ఇచ్చుకుంది. తీరా దాచిపెట్టే బటన్ నొక్కబోయి అందరికీ చూపించే బటన్ నొక్కింది. అది గమనించేలోపే నెట్ పోయింది.

అడవి పక్క ఊళ్ళో పోయిన నెట్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, సిగ్నల్ అందే మండలాఫీసు దగ్గరికి బయలుదేరింది మహిమ.

"గది చూడనీకి ఎవలో వస్తమన్నరు. జల్దీ రా బిడ్డా," అంది ఇన్నమ్మ. అద్దెకిచ్చే పక్కగది ఖాళీ అయి రెండు నెలలైంది.

జైరాం గారు ఆగలేక ముందురోజే, నమూనాగా మహిమ పంపిన యాప్‌ను ప్రయాణికులందరికీ పంపేశారన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

ముందుగా మోటారు సైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు.

"ఇన్నమ్మ అంటే ఇదేనా?"

"అవ్ బాబూ, నేనే. రాండ్రి."

"కూర్చోడానికి చోటుందా ఆంటీ?"

"కూసునుడేంది, పండుకోనీకి గూడ చోటుంది."

కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఎంతసేపు ఉండొచ్చు?"

"పదకొండు నెలలు. అటెనుక మళ్ళ అగ్రిమెంటు రాసుకోవాలె."

ఈ ఊళ్ళో కాఫీ కొట్ల పద్ధతులు ఇలా ఉంటాయని వాళ్ళకు తెలియదు. వచ్చి కూర్చున్నారు. వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపడం ఇన్నమ్మకు చేతకాదు. ఖమ్మంలో సిస్టర్ల హాస్టల్లో పన్నెండేళ్ళు వంట చేసి, అక్కడే ఫిల్టర్ కాఫీ నేర్చుకుందామె. ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చింది. వాళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ అడిగి తాగి వెళ్ళారు.

వెంటనే కారులో ఏడుగురి కుటుంబం దిగింది.

"ఏడుగురా? ఒక్క గదిల ఎట్ల సరిపోతరమ్మా?"

"పర్వాలేదండి, సగం మందిమి బయటే కూర్చుంటాం."

ఎంత కష్టంలో ఉన్నారో పాపం అనుకుంది ఇన్నమ్మ. వాళ్ళకూ కాఫీ కలిపింది. అప్పుడే వాకిట్లో మినీ బస్సు ఆగింది. పద్దెనిమిది మంది దిగారు. ఇన్నమ్మ గోడ దగ్గరికి పరుగెత్తింది.

"భీమక్కా! నీ తాన పాలున్నయా? ఉన్నయన్నీ పట్టుకరా!"

పక్కింటి భీమక్క పాలగిన్నెతో వచ్చి, జనాన్ని చూసి నోరు తెరిచింది. "గింతమంది ఎందుకొచ్చిండ్రే?"

"గది చూడనీకి."

"ఒక్క గదికా?"

"కిరాయి తక్కువ చెప్పిన గద!"

అక్కడ మండలాఫీసు మెట్ల మీద మహిమ యాప్ తెరిచి చూసి కొయ్యబారిపోయింది. ‘ఇన్నమ్మ కాఫీ’ కింద తొమ్మిది రివ్యూలున్నాయి. ‘కాఫీ అమోఘం. నిబంధనలు విచిత్రం’ అని ఒకరు రాశారు. ఆ పేజీ తీసేసి స్కూటర్ ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఒక పెద్దమనిషితో వాదిస్తోంది.

"ఒక్కలే ఉంటనంటే ఇయ్యమయ్యా. ఫ్యామిలీ ఉండాలె."

"కాఫీకి ఫ్యామిలీ ఎందుకమ్మా?"

ఆ పెద్దమనిషి బస్సులో వచ్చిన జైరాం గారే. ఆయన చేతిలో గ్లాసుంది, మొహంలో ఆనందం కూడా ఉంది. ఊరుకుంటే పని వచ్చేస్తుంది. కానీ మహిమ ఊరుకోలేకపోయింది.

"సార్, ఇది కొట్టు కాదు, మా ఇల్లు. ఎట్ల కనబడతదో చూడనీకి ఉత్తగ పెట్టిన. తప్పు నాదే."

ఇన్నమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. "అయితే గదికి రాలేదా వీళ్ళు?"

"కాఫీకి వచ్చిండ్రమ్మా," అంది మహిమ. జైరాం గారు గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టారు.

"చూడమ్మాయ్, నీ యాప్ నమ్మి పొద్దున్నుంచి నాలుగు చోట్ల బస్సాపాను. ఒకటి మూసేశారు. ఇంకోటి సెలూన్ అయిపోయింది. మిగతా రెండు చోట్ల ఇచ్చింది కాఫీయో కాదో డ్రైవర్‌క్కూడా అర్థం కాలేదు. అవన్నీ ఇంటర్నెట్లో చూసి పెట్టావా?"

"అవ్ సార్," అంది మహిమ తల వంచుకుని.

"ఉన్నాయన్నచోట లేవు. లేదన్నచోట ఇంత మంచి కాఫీ! ఇకనుంచి నువ్వే బండేసుకుని తిరుగు. ప్రతి కొట్లో తాగి చూడు. బాగుంటేనే పెట్టు. పని నీదే." ఆయన ఇన్నమ్మ వైపు తిరిగారు. "అమ్మా, రోజూ పదింటికి మా బస్సు ఇక్కడే ఆగుతుంది."

ఇన్నమ్మ గోడవైపు తిరిగింది. "భీమక్కా, రేపటి సంది పాలన్నీ నాకే," అని కేకేసింది.

మహిమ అశ్వారావుపేట నుంచి భద్రాచలం దాకా నలభై ఒక్క కొట్లు తిరిగింది. నెలాఖరుకల్లా యాప్ సిద్ధమైంది. ఆమె మాత్రం డాక్టర్ మాట మీద మజ్జిగకు మారింది.