బావగారి పక్కటెముక

నేను చెప్పబోయే దాంట్లో ఆవగింజంత కల్పన కూడా లేదు. కావాలంటే మా వీధి అక్కగారిని అడగండి. ఆవిడ కోపం ఇంకా చల్లారలేదు.

ఆవిడ భర్తా, తమ్ముడూ ఒకే అగ్గిపుల్లతో సిగరెట్లు ముట్టించుకునే జంట. ఇద్దరూ ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధనలో చేరారు. ముందే స్కాన్ తీస్తే ప్రాణాలు నిలుస్తాయో లేదో తేల్చడానికి, చీటీలు తీసినట్టు మనుషుల్ని రెండు జట్లుగా విడదీశారు. బావకు ఏటా స్కాన్ వచ్చింది. బావమరిదికి పొగ మానమనే సలహా వచ్చింది.

"నీకు మిషనూ, నాకు నీతులూనా బావా?" అని వాడు ఏడాదంతా సాధించాడు.

మొదటి స్కాన్‌లో బావకు చిన్న మచ్చ కనిపించింది. అది పెరిగిందో లేదో రెండోసారి తేలాలి. ఆ ఉదయం బావ చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"పెరిగుంటే ఎలారా?"

"నీకు భయం, నాకు సరదా. నీ స్కాన్ కార్డిలా ఇవ్వు, నేనెళ్తా. ఫోటోలో కనబడేది బట్టతలేగా, నాకూ ఉంది."

మచ్చ మాయమైందని రిపోర్టు వచ్చింది. "ఊపిరితిత్తులు ఎవరివైతేనేం, పైన పేరు నాది" అని బావ ఇంకో సిగరెట్ పెట్టె కొన్నాడు. సంగతి తెలియని అక్కగారు వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఆ తర్వాత పరిశోధనవాళ్ళు పేర్లు తీసేసి, స్కాన్‌లన్నీ ఇతర దేశాల పరిశోధకులతో పంచుకున్నారు. అక్కణ్ణుంచి ప్రశ్నలు ఊడిపడ్డాయి. "నిరుడు విరిగి అతుక్కున్న పక్కటెముక, ఈ ఏడు అసలు విరగనే లేదు. ఏం మందిచ్చారు?" ఒకాయన వ్యాసం మొదలెట్టాడు. ఎముకల డాక్టర్లు విమానం టిక్కెట్లు కొన్నారు.

పరిశోధన నడిపే డాక్టరమ్మ ముగ్గుర్నీ పిలిపించింది.

"ఎముక ఎలా బాగైందండీ?"

"రోజూ నడుస్తానమ్మా" అన్నాడు బావ.

"ఏం నడక! నిచ్చెన మీంచి పడ్డ ఎముక వానొస్తే ఇప్పటికీ సలుపుతోందంటారుగా!" అంది అక్కగారు. బావమరిది కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ ఒక బట్టతల చూసింది, రెండోది చూసింది. "ఒరేయ్!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఈయన మచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చూళ్ళేదని తెలుస్తోందా మీకు?"

బావను అప్పటికప్పుడు మిషన్‌లోకి తోశారు. మచ్చ ఉన్నచోటే ఉంది, పిసరు కూడా పెరగలేదు. పాత గాయం తాలూకు గుర్తని తేల్చారు.

"అయితే నా ఊపిరితిత్తులు భేషన్నమాట!" అన్నాడు బావమరిది.

"మిమ్మల్నిద్దర్నీ లెక్కలోంచి తీసేశాం. సలహా మాత్రం తీసెయ్యలేదు."

ఇద్దరూ ఆ రోజే సిగరెట్లు మానేశారు.

విమానం టిక్కెట్ల సంగతి కూడా నిజమే. నేను కల్పించిందల్లా సిగరెట్లు మానేశారన్న వాక్యం ఒక్కటే.