ఇత్తడి బొమ్మ గుండె మీద పేరు

ఆ ఆదివారం రాజాంలో పద్మకుమారి పొద్దున్నే రెండు పనులు అనుకుంది. భర్త బజారు నుంచి వచ్చేలోగా ఆయన చేసిన ఇత్తడి బొమ్మను తళతళలాడించాలి. పది గంటల బస్సుకి ఇద్దరూ కళింగపట్నం వెళ్లి సముద్రం చూడాలి. పెళ్లయి నలభై రోజులే. బి.ఏ. చదివింది గానీ అలల్ని ఇంకా పుస్తకాల్లోనే చూసింది.

డ్రాయింగు మాస్టారు నరసింగరావు అటక మీది చిల్లుబిందెను కోసి, రేకుల్ని సుత్తితో మలిచి, వంగిన నడుమును నిటారుగా లేపుతున్న స్త్రీని చేశాడు. దానికి "మార్పు" అని పేరు పెట్టాడు. "ఇది నువ్వే" అని భార్యతో చెప్పాడు కూడా.

చింతపండుతో తోముతుంటే నల్లటి మకిలి వదిలి, సరిగ్గా బొమ్మ గుండె మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. వెంకటలక్ష్మి.

పక్కింటి దాలమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏటే పిల్లా, ఏడుస్తన్నావు?"

పద్మకుమారి చెప్పింది.

"గుండె మీద పేరు కొట్టించినాడంటే పాత పరిచయమేనే."

దాలమ్మ వీధి కుళాయికి చేరేసరికి వెంకటలక్ష్మి ఆమదాలవలసలో నర్సయింది. మాట ధాన్యం కొట్టుకు చేరేసరికి ఆవిడకో కొడుకు పుట్టాడు. ఆ కొట్టులోనే ఉన్న మామగారు అప్పలసూరి, తనకో మనవడున్న సంగతి పరాయివాళ్ల నోట విని ఇంటికి పరుగెత్తాడు. అప్పటికే కోడలు పుట్టింటికి ట్రంకుపెట్టె సర్దేసింది. మల్లెపూల పొట్లంతో నరసింగరావు గుమ్మంలో బిక్కచచ్చి నిలబడ్డాడు.

"ఒరే, ఎవుర్తిరా ఆ ఎంకటలచ్చిమి? మన ఇంటావంటా లేని పేరు."

"ఒట్టు నాన్నా, ఆ పేరుగల మనిషి మొహం నేనెప్పుడూ చూళ్లేదు."

"మొహం చూడకుండానే గుండె మీద పెట్టుకున్నారా?" అంది పద్మకుమారి పెట్టెకు తాళం వేస్తూ.

పెరట్లో పిండి దంపుతున్న అత్తగారు జగ్గమ్మ ఈ గొడవకు లోపలికి వచ్చింది. బొమ్మ మీది అక్షరాలను వేలితో తడిమింది.

"ఈ బిందె నాది. మాయమ్మ సారెలో ఎట్టింది. పేరూ నాదే. పీటల మీంచి దిగగానే ఈయన నాయనమ్మ పేరు నాకెట్టేసినారు. ముప్పై ఏళ్లు జగ్గమ్మా అంటే పలుకుతన్నాను."

పద్మకుమారి నెమ్మదిగా తాళం తీసింది.

అప్పలసూరి గొంతు సవరించుకున్నాడు. "ఎంకటలచ్చిమీ, కాసిని మంచినీళ్లు తే."

"నీళ్లు తెచ్చీది జగ్గమ్మ. ఎంకటలచ్చిమికి సముద్రం సూడాలనున్నాది."

పది గంటల బస్సులో రెండే సీట్లు ఖాళీగా ఉన్నాయి. అత్తాకోడళ్లు ఎక్కాక, తండ్రీకొడుకులు ఇంటికి తిరిగొచ్చి ఎవరి నీళ్లు వాళ్లు ముంచుకు తాగారు.